వరద రాకముందు మనిషి

పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆరా తీసే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి మనుషుల లోగుట్టు నాకు తెలిసిపోతుందని మా బంధువుల నమ్మకం. 'అబ్బాయి మీ వైపే ఉంటాడట, కాస్త కనుక్కో' అని ఫోను చేస్తారు. జీతం, అలవాట్లు, అక్కచెల్లెళ్ల బాధ్యతలు అన్నీ అయ్యాక చివర్లో గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతారు: 'కష్టం వస్తే నిలబడే మనిషేనంటావా?'

మామూలు రోజుల్లో అందరూ మంచివాళ్లే, ఆపద వచ్చినప్పుడే అసలు మనిషి బయటపడతాడు అన్నది ఆ ప్రశ్న వెనక ఉన్న నమ్మకం. పరామర్శకు వెళ్లినచోటా, ఆస్పత్రి వరండాల్లోనూ, ఎన్నికల చర్చల్లోనూ ఈ మాట వింటూనే ఉంటాం. నాకు మాత్రం దీని మీద గురి లేదు. ఆపద వేళ మనిషి ఏం చేశాడన్నది నిద్ర, భయం, వయసు, చేతిలో ఉన్న డబ్బు లాంటి సవాలక్ష విషయాల మీద ఆధారపడుతుంది. మనిషిని తెలుసుకోవాలంటే ఆపదకు ముందు నెలల్లో, ఏళ్లలో అతను తన చుట్టూ ఎలాంటి పరిస్థితిని పేర్చుకుంటూ వచ్చాడో చూడాలి. ఇతరుల చుట్టూ ఏం పేర్చాడో కూడా చూడాలి. ఈ రెండోది మనం దాదాపు ఎప్పుడూ చూడం.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ వానను మర్చిపోయి ఉండరు. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మా అపార్టుమెంటు ఉప్పల్ దగ్గర. రాత్రి ఎనిమిది దాటాక వెనక గోడ కిందినుంచి సెల్లార్‌లోకి నీళ్లు రావడం మొదలై, గంట తిరిగేసరికి కార్ల అద్దాల దాకా వచ్చేశాయి. ఆ రాత్రి మా సంఘం అధ్యక్షుడు గారిని చూసి తీరాలి. పంచె ఎగ్గట్టి, మెడలోతు నీళ్లలో దిగి మెయిన్ స్విచ్ కట్టేయించారు. సెల్లార్ గదిలో ఉన్న వాచ్‌మన్ పిల్లలిద్దరినీ భుజం మీద వేసుకుని పైకి తెచ్చారు. కింది అంతస్తులో మంచం పట్టి ఉన్న పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు కుర్రాళ్లతో కలిసి రెండో అంతస్తుకు మోశారు. ఆయనకు అప్పటికి అరవై రెండేళ్లు. తెల్లవారాక అందరం ఆయనకు చేతులెత్తి దండం పెట్టాం. సంక్రాంతికి శాలువా కప్పాం.

మూడో అంతస్తులో రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకరుంటారు. ఆ రాత్రి ఆవిడ తలుపు వేసుకుని లోపలే ఉండిపోయారు. వాచ్‌మన్ భార్య పొడి బట్టలకోసం తలుపు తడితే తీయడానికి చాలాసేపు పట్టింది. భయంతో చేతులు వణుకుతున్నాయని, బీపీ మాత్ర వేసుకున్నానని చెప్పారు. 'ఇలాంటప్పుడే కదా మనుషులు తెలిసేది' అని మర్నాడు మెట్ల దగ్గర ఒకరు అన్నారు.

అప్పటికి మూడేళ్లుగా ప్రతి సమావేశంలోనూ ఆ టీచరమ్మ చెబుతున్నది ఒక్కటే. మా వెనక గోడ పక్కన వాననీటి కాలువ ఉండేది. నాలుగు కార్లకు అదనంగా చోటు వస్తుందని దాని మీద పలకలు పరిచి మూసేశారు. ఆలోచన అధ్యక్షుడు గారిదే. ఆ నాలుగు స్థలాలూ సొంతదార్లకు అమ్మి, వచ్చిన డబ్బుతో లిఫ్టు బాగుచేయించారు, గేటుకు రంగు వేయించారు. పలకలు లేపి పూడిక తీయించాలని, సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు పెట్టించాలని, వాచ్‌మన్ గదిని కిందినుంచి మార్చాలని ఆవిడ కాగితం మీద రాసి మరీ ఇచ్చేవారు. వానాకాలం ముందు కాలువ ఫొటోలు తీసి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. ఆవిడ గొంతు కీచుమని ఉంటుంది. ఎదుటివాళ్లు మాట పూర్తిచేయకముందే తప్పు పట్టే అలవాటు కూడా ఉంది. సమావేశంలో ఆవిడ లేచారంటే కొందరు ఫోను చూసుకునేవారు. 'వచ్చే ఏడు చూద్దాం టీచర్ గారూ' అని అధ్యక్షుడు గారు నవ్వుతూ అనేవారు. ఆయన నవ్వు చాలా బాగుంటుంది.

ఈ ఇద్దరిలో ఎవరి గుణం గొప్పది? ఆపదే గీటురాయి అయితే ఆయన వీరుడు, ఆవిడ పిరికిది. నా లెక్కలో మాత్రం ఆవిడ ముందుంటారు. ఆయన ధైర్యం నటన కాదు, ప్రాణాలకు తెగించి దిగారు. అయితే ఆ ధైర్యం ఆయనకు పుట్టుకతో వచ్చింది. కాలువ పూడిక తీయించడం ఎవరికీ పుట్టుకతో రాదు. దానికి విసుగు ఓర్చుకోవాలి, నలుగురిలో చెడ్డపేరు తెచ్చుకోవాలి, ఏ శాలువా రాదని తెలిసీ పట్టుబట్టాలి. ఆయన ఆ రాత్రి ఎత్తుకొచ్చిన పిల్లలు ఆయన మూసిన కాలువ వల్లే మునిగారు. ఈ రెండు పనులూ ఒకే మనిషివి. మేం శాలువా కప్పింది ఒక దానికి మాత్రమే.

ఇంకో సంగతి. వరద తర్వాత ప్రభుత్వం బాధిత కుటుంబానికి 10 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. మా అపార్టుమెంటులో నాలుగో అంతస్తు వాళ్లు కూడా పేర్లు రాయించుకున్నారు. వాళ్ల ఇంట్లోకి వరద రావాలంటే ముందు చార్మినార్ మునగాలి.

వాచ్‌మన్ కుటుంబం మాటేమిటి? బియ్యం, పిల్లల పుస్తకాలు, కాగితాల పెట్టె, వాయిదాల మీద కొన్న కుట్టుమిషను, అన్నీ నీళ్లపాలయ్యాయి. ఆ గదిలో ఉండాలని వాళ్లు ఎంచుకోలేదు. జీతంతో పాటు ఇచ్చిన గది అది. దానికి ఒక్క కిటికీ, అదీ పైకప్పుకు ఆనుకుని. ఆ పరిస్థితిని వాళ్ల చుట్టూ కట్టింది నెలనెలా టీ, బిస్కెట్ల మధ్య జరిగిన సమావేశాలు.

పరిస్థితి మనిషిని ఎంత మార్చగలదో చెప్పడానికి తరచూ ఉదహరించే ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మతబోధకులను తయారుచేసే విద్యాలయం విద్యార్థుల మీద జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని చేసి, 1973లో ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులను ఒక్కొక్కరినీ పక్క భవనంలో చిన్న ప్రసంగం చేయాలని పంపారు. కొందరికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ, అంటే దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మనిషి కథ. వాళ్లు వెళ్లే దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర ముడుచుకుని దగ్గుతూ, మూలుగుతూ కూర్చునేలా ముందే ఏర్పాటు చేశారు. తీరికగా బయలుదేరినవారిలో 63 శాతం మంది ఏదో ఒక రకంగా సాయం చేశారు. 'ఇప్పటికే ఆలస్యమైంది' అని తొందరపెట్టి పంపినవారిలో సాయం చేసింది 10 శాతం. ప్రసంగం దేని గురించి అన్నది పెద్దగా పట్టింపు కాలేదు.

గుణం అంటూ ఏదీ లేదు, అంతా పరిస్థితే అని చాలామంది దీనితో తేల్చేస్తారు. కానీ అక్కడ ఆలస్యాన్ని తెచ్చిపెట్టింది పరిశోధకులు. పంజాగుట్ట కూడలిలో రోజూ హారన్ మోగిస్తూ ఎదుటివాణ్ని తిట్టే మనిషికి ఆలస్యం ఎవరు తెచ్చిపెట్టారు? పది గంటలకు హైటెక్ సిటీలో ఉండాల్సినవాడు తొమ్మిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో బండి తీస్తాడు. నిన్నా అంతే, రేపూ అంతే. దారిలో బండి మీంచి పడ్డ మనిషి కోసం అతను ఆగకపోవడం పరిస్థితి ప్రభావమే, ఒప్పుకుంటాను. ప్రతి రోజూ ఎవరికోసమూ ఆగలేని స్థితిలో ఇల్లు కదలడం మాత్రం అతని గుణమే. అలారం మోగిన నిమిషంలో అతను తీసుకున్న నిర్ణయం అది. సిగ్నల్ దగ్గర కనిపించేది దాని ఫలితం.

ఇక్కడే మరో ఆలస్యం కూడా కనిపిస్తుంది. రాంగ్ రూట్లో దూసుకొచ్చే డెలివరీ కుర్రాడిని చూసి 'వీళ్లకు బుద్ధి లేదు' అంటాం. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట కావాలని ఫోను నొక్కింది మనమే. అతని తొందర అతను తయారుచేసుకున్నది కాదు, మూడు వందల రూపాయల బిల్లులో మనం కొన్నది. పరాయివాడు తప్పు చేస్తే అతని గుణం చూస్తాం, మనం చేస్తే మన పరిస్థితి చూపిస్తాం. ఇందులో మొదటి సగానికి, అంటే ఎదుటివాడి పరిస్థితిని వదిలేసి గుణాన్నే చూసే పొరపాటుకు, లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక శాస్త్రీయమైన పేరు పెట్టాడు. ఆ పేరు తెలియకపోయినా మన అత్తాకోడళ్లకు ఇది బాగా తెలుసు.

రోడ్డు మీద పడ్డవాణ్ని ఎత్తడానికి మన దేశంలో అడ్డుపడింది తొందర ఒక్కటే కాదు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలన్న భయం కూడా. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవారిని వేధించకుండా మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు. ఎత్తాలన్న మనసు ఉన్నవాళ్లు అంతకుముందూ ఉన్నారు. వాళ్ల చుట్టూ ఉన్న పరిస్థితిని ఎవరో కూర్చుని, కాగితాలు రాసి, కోర్టుకెక్కి మార్చారు.

పరిస్థితిని మనిషి తన చేతులతోనే తయారుచేసుకుంటాడనడానికి ఈ ఊళ్లో పెద్ద ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఆ సంస్థ అధినేత బి. రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో రాశారు. నిజమైన లాభానికీ చూపిన లాభానికీ మధ్య మొదట ఉన్నది స్వల్పమైన తేడాయేనని, ఏళ్లు గడిచేకొద్దీ అది అదుపు తప్పిందని, అది పులి మీద స్వారీలా మారి, దానికి ఆహారం కాకుండా దిగే దారి తెలియలేదని వివరించారు. ఈ పులి మాట దేశమంతా పాకింది. వినేవాళ్లకు జాలి కలిగించే మాట అది, ఏదో అడవిలో వెళుతుంటే పులి ఎదురైనట్టు. ఆ పులిని మూడు నెలలకొకసారి, ప్రతి ఫలితాల ప్రకటనలోనూ మేపింది మాత్రం ఆయన సంస్థే. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనతో సహా పది మందికి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. అప్పీలులో శిక్ష అమలు ఆగి, బెయిలు వచ్చింది.

నాకు ఆ ఉత్తరం కంటే ఆ నెలలో నా బల్ల ముందుకు వచ్చినవాళ్లు ఎక్కువ గుర్తు. సత్యంలో 50 వేలకు పైగా ఉద్యోగులుండేవారు. వాళ్లలో చాలామందికి ఇంటి అప్పులు ఉండేవి. వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియదు. కొత్త బోర్డును ప్రభుత్వం వేసింది, ఏప్రిల్లో టెక్ మహీంద్రా తీసుకుంది అని ఇప్పుడు ఒక్క వాక్యంలో చెప్పేస్తాం. ఆ జనవరిలో అదేమీ కనిపించలేదు.

ఒకే హోదాలో పనిచేసే ఇద్దరు స్నేహితులు కలిసి వచ్చారు. మొదటివాడికి కూకట్‌పల్లిలో ఉంటున్న ఫ్లాటు, మియాపూర్‌లో పెట్టుబడికి కొన్న మరో ఫ్లాటు, కారు అప్పు. జీతంలో మూడొంతులు వాయిదాలకే పోయేది. గడువు పెంచడానికి నా చేతుల్లో ఏమీ లేదని చెప్పగానే బల్ల గుద్ది అరిచాడు. రెండోవాడికి మల్కాజిగిరిలో ఒక పాత ఫ్లాటు, ఆరు నెలల జీతం ఫిక్స్‌డ్ డిపాజిట్టు. అతను తన పని మీద రాలేదు, స్నేహితుడికి తోడు వచ్చాడు. అరుస్తున్నవాడి భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టాడు, నాకు క్షమాపణ చెప్పాడు. మా క్యాషియర్ అదంతా చూసి 'కష్టంలో ఎవరి సంస్కారం ఏమిటో తెలిసిపోయింది మేడమ్' అన్నాడు. ఆ రోజు అంత నెమ్మదిగా మాట్లాడింది ఫిక్స్‌డ్ డిపాజిట్టు. సంస్కారం అనేది ఉంటే అది అంతకుముందు ఐదేళ్లు నెలనెలా డిపాజిట్టు వేసిన చోట ఉంది. అక్కడ ఏ క్యాషియరూ దాన్ని గమనించలేదు.

ఇంతవరకే చెప్పి ఆపితే నా వాదన చాలా శుభ్రంగా ఉంటుంది. కానీ అదే వారంలో మూడో మనిషి వచ్చాడు. అతనికీ జీతంలో మూడొంతులు వాయిదాలే, అతనికీ డిపాజిట్టు లేదు, అతనూ అరిచాడు. అప్పులు తండ్రి డయాలసిస్ కోసం చేసినవి. ఖాతా పుస్తకంలో చూస్తే మొదటివాడికీ ఇతనికీ తేడా కనిపించదు. రుణగ్రహీతలకు 300 నుంచి 900 దాకా మార్కులు వేసే సిబిల్ స్కోరులోనూ కనిపించదు. వాయిదా తప్పిందా లేదా అన్నదే దానికి కావాలి, తండ్రి మూత్రపిండాలతో దానికి పని లేదు. ఆ స్కోరు మీద నాకు గౌరవముంది. ఆపదలో నువ్వు ఎలాంటివాడివి అని అడగకుండా, మామూలు నెలల్లో ఏం చేశావని అడుగుతుంది. అయితే పరిస్థితి ఎవరు పేర్చింది అని మాత్రం అడగదు.

'చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవ' అనే సామెతతో నాకున్న పేచీ ఇదే. సామెత అబద్ధం కాదు, విసిరే దిక్కు తప్పు. మియాపూర్ ఫ్లాటు కొన్నవాడిని, ఆ ఉత్తరం రాసినాయనను, కాలువ మూసిన సంఘాన్ని ఆ మాట అనాలి. వాళ్ల చేతిలో మరో దారి ఉంది. మనం మాత్రం ఎప్పుడూ సెల్లార్ గదిలో వాళ్లనే అంటాం. వరదలో గుడిసె పోయినవాణ్ని 'చెరువులో ఇల్లు ఎవరు కట్టుకోమన్నారు?' అని అడగడం ఈ ఊళ్లో ఎంత తేలికో చూడండి. అదే 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ అంచున ఉన్న హఫీజ్ బాబా నగర్ మునిగినప్పుడు ఈ ప్రశ్నే విన్నాను. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి చెరువుల ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు లోపల, కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాకా అదే ప్రశ్న. ఎండాకాలంలో చెరువు అంచున భవన శిథిలాలు పోసి చదును చేసినవాడొకడు. సున్నంతో గీతలు గీసి ప్లాట్లు చేసినవాడొకడు. చూసీ చూడనట్టు కరెంటు మీటరు ఇచ్చినవాడు, ఇంటిపన్ను కట్టించుకున్నవాడు, ఓట్లడిగి రోడ్డు వేయించినవాడు వేరే. వీళ్లందరి తర్వాత, భార్య నగలు కుదువపెట్టి నోటరీ కాగితం మీద అరవై గజాలు కొన్న ఆటో డ్రైవరు వస్తాడు. ఆ వరుసలో అందరికంటే తక్కువ దారులున్నవాడు అతనే. నీళ్లు ముందుగా చేరేదీ, బుల్‌డోజరు ముందుగా చేరేదీ అతని గుమ్మానికే. అతనికి ఎంపిక అసలు లేదనను. కాగితాలు చూడకుండా కొన్నాడు, దానికతను బాధ్యుడే. ఆ బాధ్యతను వరుసలో చివరినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, అక్కడే ఆపేయడం నాకు నచ్చదు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు పట్టుకుని 150 మంది బతికిన కథ ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది, ఏటా అక్కడ సంస్మరణ కూడా జరుగుతుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద మళ్లీ ఊరి మీద పడకుండా పైనే ఆపే జలాశయాలు కట్టాలన్నది ఆయన సలహా. గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. తర్వాత తరాల్లో ఎన్ని ప్రాణాలు దక్కాయో ఎవరికీ తెలియదు, రాని వరదలకు లెక్క ఉండదు కదా. చెట్టు కథ చెప్పినంత ముచ్చటగా ఆనకట్ట కథ చెప్పలేం. మా టీచరమ్మకు శాలువా రాకపోవడానికీ ఇదే కారణం.

ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పెద్ద నిర్మాణాలు రాకుండా 1996లో 111వ నంబరు జీవో ఇచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ ఊళ్ల రైతులకు దాని మీద కోపముండేది, భూమి విలువ పెరగలేదని. ఆ కోపంలో న్యాయం లేదని నేననను. పట్నం తాగే నీళ్ల కోసం నష్టపోయింది వాళ్లొక్కళ్లే. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ మరో జీవో ఇచ్చింది. ఇప్పుడు ఆ వైపు వెళితే దారి పొడవునా వెంచర్ల బోర్డులే. 'లేక్ వ్యూ' అనే మాట లేని బోర్డు అరుదు.

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోను చేశాడు. ఆ దారిలోనే ప్లాటు చూశాడట. 'అక్కా, కాగితాలు పంపుతాను, ఒకసారి చూడవా?' అన్నాడు. చూశాను, కాగితాల వరకు బాగానే ఉన్నాయి. 'ఈ వానాకాలం దాకా ఆగు, గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లి నేల చూడు, ఆ పక్కన గేదెలు కాసేవాళ్లను నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అడుగు' అని చెప్పాను.

'అంత టైము లేదక్కా, ఈ ధర ఆదివారం దాకానే' అన్నాడు.

ఆదివారం అని గడువు పెట్టిందెవరని అడిగాను. అమ్మేవాళ్లేనన్నాడు.